పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు చదవడానికి 11 అంగుళాల ట్యాబా, 7 అంగుళాల ఈ-రీడరా?

పెన్నాతీరం:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి చదువుకోవడానికి ఏదో ఒకటి కొనాలి. వయసు 68. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, చదవడానికి కళ్లజోడు పెట్టుకుంటారు. రోజుకు మూడు నాలుగు గంటలు చదువుతారు. మధ్యాహ్నం మంచం మీద పడుకుని, సాయంత్రం అరుగు మీద.

ఆయన చదివేవాటిలో పదింట ఏడు ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించిన పాత తెలుగు పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు. కొన్ని తెలుగు వికీసోర్స్ ఈపబ్‌లు. ఎప్పుడైనా ఒక ఇంగ్లీషు నవల. బడ్జెట్ 20 వేలు, మహా అయితే ఇంకో రెండు వేలు.

ఈ-రీడర్ కంటికి హాయి అని అందరూ అంటున్నారు. కిండిల్ పేపర్‌వైట్ 7 అంగుళాలది దాదాపు ఆ బడ్జెట్లోనే వస్తోంది. అదే డబ్బుకు 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబూ వస్తుంది. ఆయన చదివే వాటికి ఏది కుదురుతుంది? కిండిల్‌లో తెలుగు వత్తులు సరిగ్గా పడతాయా?

కొలబద్ద:

ముందు ఒక స్కేలు తీసుకోండి. స్కాన్‌లే ఎక్కువ అన్నారు కాబట్టి సగం తీర్పు అక్కడే తేలుతుంది. ఈపబ్‌లో అక్షరం సైజు మన చేతిలో ఉంటుంది. స్కాన్‌లో ఉన్నది పేజీ ఫొటో. ఫొటో మొత్తం తెరలో ఇమడాలంటే దాంతోపాటు అక్షరమూ చిన్నదవుతుంది.

మన నవలలూ కథాసంపుటాలూ ఎక్కువగా వచ్చే డెమీ 1/8 సైజు సుమారు 5.5 × 8.5 అంగుళాలు. పేపర్‌వైట్ 7 అంగుళాలు అంటే మూల నుంచి మూలకు కొలత. అసలు తెర 4.2 × 5.6 అంగుళాలే. పేజీ మొత్తం కనబడేలా పెడితే 66 శాతానికి తగ్గిపోతుంది. పుస్తకంలో 12 పాయింట్లున్న అక్షరం తెర మీద 8 పాయింట్లవుతుంది. ఆ సైజులో ఇంగ్లీషు ఎలాగోలా చదివేయొచ్చు, తెలుగు కష్టం. ద-ధ, ప-ఫ, డ-ఢ మధ్య తేడా అడుగున ఒక చిన్న గీతే. పైగా వత్తు అసలు అక్షరం కంటే చిన్నది. 1950ల నాటి అచ్చులో సగం అరిగిన సీసపు అక్షరాన్ని ఇంకా కుదిస్తే ఆ గీతలే ముందు మాయమవుతాయి.

అంచులు కత్తిరిస్తే కొంత నయం. డెమీ పేజీలో అక్షరాలున్న భాగం సుమారు 4.2 × 7 అంగుళాలు. అదంతా 7 అంగుళాల తెరలో పడితే 80 శాతం. అంటే 12 పాయింట్లు 9.6 అవుతాయి. వెడల్పుకు సరిపెడితే అసలు సైజు వస్తుంది గానీ పేజీ కింది భాగం తెర దాటి పోతుంది, జరుపుకుంటూ చదవాలి. ఇంకో దారి పరికరాన్ని అడ్డంగా తిప్పడం. అప్పుడు వెడల్పు 5.6 అంగుళాలు, అంచులు కత్తిరించకుండానే డెమీ పేజీ అసలు సైజులో పడుతుంది. ఒక పేజీకి రెండు తెరలు. 68 ఏళ్ల మనిషి ఇలా చదవలేరని కాదు. రోజుకు నాలుగు గంటలు, ప్రతి పేజీకీ ఈ జరుపుడు ఉంటే విసుగొస్తుంది.

ఇప్పుడు 11 అంగుళాల ట్యాబు చూడండి. ఈ ధరలో సాధారణంగా వచ్చే 1920 × 1200 తెర సుమారు 5.8 × 9.3 అంగుళాలు. డెమీ పేజీ అంచులతో సహా అసలు సైజు కంటే ఒక పిసరు పెద్దగానే ఇముడుతుంది. అంచులు కత్తిరిస్తే 133 శాతం, అంటే 12 పాయింట్ల అక్షరం 16 పాయింట్లు. అంగుళానికి చుక్కలు 206 మాత్రమే, కిండిల్‌లో 300. కానీ అక్షరం అంత పెద్దదయ్యాక ఆ తేడా స్కాన్‌లో తెలియదు. ఆ స్కాన్ అసలే అంత పదునుగా ఉండదు.

చేతిలో తేలిగ్గా ఉండాలంటే 8.7 అంగుళాల ట్యాబులున్నాయి. 1340 × 800 తెర సుమారు 4.5 × 7.5 అంగుళాలు. అంచులు కత్తిరించిన డెమీ పేజీ అసలు సైజులో సరిగ్గా కూర్చుంటుంది. కానీ అంగుళానికి 179 చుక్కలే. మసక స్కాన్‌ల మీద నాకు అది నచ్చదు.

పాత వారపత్రికలు, పెద్ద సైజు గ్రంథాలు కూడా చదువుతారంటే ఇక 11 కంటే తక్కువ గురించి ఆలోచించకండి.

అచ్చుయంత్రం:

కొలబద్ద గారి లెక్కతో పేచీ లేదు. వత్తుల ప్రశ్న మిగిలింది, అది చెబుతాను.

యూనికోడ్‌లో ‘స్త్రీ’ ఒక్క ముక్కగా ఉండదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, ఇలా ఆరు ముక్కలుగా వరుసగా ఉంటుంది. వీటిని కలిపి అక్షరంగా పేర్చే పని పరికరంలోని సాఫ్ట్‌వేరుది. ఫాంటు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ పేర్చే పని తెలిసి ఉండాలి. ఆండ్రాయిడ్ ట్యాబుల్లో, ఐప్యాడ్‌లో ఈ సమస్య తీరి చాలా ఏళ్లయింది. (2018లో జ్ఞ లాంటి ఒక తెలుగు సంయుక్తాక్షరం వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయేవి, 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు.) ఈ-రీడర్లలో మాత్రం మోడల్‌ను బట్టి, సాఫ్ట్‌వేరు వెర్షన్‌ను బట్టి మారుతుంది. కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెడుతున్నామని 2016 డిసెంబరులో అమెజాన్ ప్రకటించిన ఐదు భాషలు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు అందులో లేదు. అందుకని ఎవరి మాటా నమ్మకుండా పరీక్షించి కొనండి.

పరీక్ష తేలికే. ఒక ఫైల్లో ఈ మాటలు టైపు చేయండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, కర్తృత్వం, వైశిష్ట్యం, ఉజ్జ్వలం. ఈపబ్‌గా మార్చి (కిండిల్‌కైతే ‘సెండ్ టు కిండిల్’ ద్వారా పంపి) పరికరంలో తెరవండి. డబ్బాలు కనబడితే తెలుగు ఫాంటు లేదని అర్థం. కిండిల్‌ను యూఎస్‌బీతో కలిపి ‘ఫాంట్స్’ ఫోల్డర్‌లో తెలుగు ఫాంటు ఫైలు (టీటీఎఫ్) వేసి, అక్షరాల మెనూలో దాన్ని ఎంచుకుంటే అది తీరుతుంది. పొల్లులు విడివిడిగా నిలబడి ‘రాష్‌ట్‌రం’ లాగా కనబడితే మాత్రం పేర్చే సాఫ్ట్‌వేరు పని చేయడం లేదన్న మాట. దానికి ఎన్ని ఫాంట్లు మార్చినా ఫలితం లేదు. చుక్కల వృత్తం మీద గుణింతపు గుర్తు కనబడితే తప్పు పరికరానిది కాదు, ఆ ఫైల్లోనే అక్షరాల వరుస చెడింది.

ఫాంట్ల విషయానికొస్తే మండలి, ఎన్టీఆర్, నోటో సెరిఫ్ తెలుగు మూడూ ఉచితం, మూడూ పుస్తకం చదవడానికి పనికొస్తాయి. అలంకారపు ఫాంట్ల జోలికి పోకండి. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు పెట్టినంత పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లోకి దిగుతాయి. 1.5 పెట్టండి.

పరీక్షలో ఈ-రీడర్ తప్పినా ఒక దారి ఉంది. తెర కొలతకే పీడీఎఫ్ చేసుకోవడం. పీడీఎఫ్‌లో అక్షరాలు పేర్చిన ఆకారంలోనే స్థిరపడిపోతాయి కాబట్టి ఏ పరికరమైనా సరిగ్గానే చూపిస్తుంది. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో పేజీ సైజు 107 × 142 మిల్లీమీటర్లు పెట్టండి (6 అంగుళాల ఈ-రీడర్‌కైతే 91 × 122). అంచులు నాలుగు వైపులా 4 మిల్లీమీటర్లు. అక్షరం 14 పాయింట్లు, వరుసల ఎడం 1.4 లేదా 1.5. పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి కిండిల్ ‘డాక్యుమెంట్స్’ ఫోల్డర్‌లో వేయండి. ఇక్కడ చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. స్టైల్‌లో ఫాంటు సైజు ఎంత మార్చినా తెలుగు కదలదు. లిబ్రే ఆఫీస్ తెలుగును ‘కాంప్లెక్స్ టెక్స్ట్’ కింద లెక్కేస్తుంది. క్యారెక్టర్ కిటికీలో దానికి వేరే గడి ఉంటుంది, ఫాంటూ సైజూ అక్కడ మార్చాలి. ఆ గడి కనబడకపోతే ఆప్షన్స్‌లో భాషల సెట్టింగులకు వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ టిక్ పెట్టాలి.

ఇంకో హెచ్చరిక. కంప్యూటర్లో తయారైన తెలుగు పీడీఎఫ్ కదా, కాలిబర్‌లో (ఈ-పుస్తకాల రూపం మార్చే సాఫ్ట్‌వేరు) వేసి ఈపబ్ చేద్దాం అనుకోవద్దు. మన ప్రచురణకర్తలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పేజీలు కట్టారు. అవి యూనికోడ్ కావు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఫాంటు వాటికి తెలుగు ఆకారం తొడుగుతుంది. మార్చగానే అర్థం లేని గుర్తుల వరుస బయటపడుతుంది. యూనికోడ్‌తో చేసిన పీడీఎఫ్‌లలో కూడా వత్తుల క్రమం తారుమారవడం మామూలే. తెలుగు పీడీఎఫ్ ఏదైనా సరే, స్కాన్ లాగే పేజీ బొమ్మగా భావించి తెర సైజు లెక్క వేసుకోండి. ఆర్కైవ్ పేజీలో పాత తెలుగు పుస్తకాల పక్కన కనబడే ఈపబ్ లంకె కూడా అంతే. యంత్రం చదివి తయారుచేసింది, చాలావాటిలో ఒక్క వాక్యం తిన్నగా ఉండదు. వికీసోర్స్ ఈపబ్‌లు వేరు. మనుషులు కూర్చుని దిద్దిన పాఠం అది, ఏ సైజులోనైనా శుభ్రంగా పారుతుంది.

నల్లసిరా:

నేను ఈ-రీడర్ పక్షమే. అయినా కళ్ల పేరు చెప్పి ఈ-రీడర్ అమ్మేవాళ్ల మాట పూర్తిగా నమ్మొద్దంటాను.

ఈ-ఇంక్ తెరలో నల్లని, తెల్లని రంగు రేణువులు కరెంటు మీటకు పైకీ కిందికీ కదులుతాయి. ఒకసారి కదిలాక అక్కడే ఉంటాయి, వెలుగును కాగితం లాగే వెనక్కి పంపుతాయి. అరుగు మీద పగటి వెలుతురులో దీనికి పోటీ లేదు. ట్యాబు తెర అక్కడ అద్దంలా మొహం చూపిస్తుంది. మీ నాన్నగారు సాయంత్రాలు అరుగు మీద చదువుతారంటే ఇది పెద్ద విషయం. కానీ గదిలో, వెలుతురు సరిగ్గా పెట్టుకుని చదివితే ట్యాబు కళ్లను పాడు చేయదు. తెర చూస్తూ రెప్పలు తక్కువ ఆడించడం వల్ల కళ్లు పొడిబారతాయి, అలసట ఎక్కువగా అక్కడి నుంచే. రాత్రిపూట సంగతి మాత్రం నిజమే. 2015లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో 12 మంది పడుకునే ముందు నాలుగు గంటలు పూర్తి వెలుతురుతో ఐప్యాడ్ చదివారు. కాగితం పుస్తకం చదివిన రాత్రులతో పోలిస్తే వాళ్లకు నిద్ర పట్టడం సుమారు 10 నిమిషాలు ఆలస్యమైంది. పూర్తి వెలుతురు, నాలుగు గంటలు అన్నది గమనించండి. వెలుతురు తగ్గించుకుంటే అంత ప్రభావం ఉండాలని లేదు.

ఎవరూ చెప్పని విషయం కళ్లజోడు దూరం. శుక్లాల ఆపరేషన్లో సాధారణంగా వేసే లెన్సు ఒకే దూరానికి సర్దుకుంటుంది. దగ్గరి చూపు కళ్లజోడు 35–40 సెంటీమీటర్లకు ఇస్తారు. 210 గ్రాముల పేపర్‌వైట్‌ను ఆ దూరంలో ఒంటి చేత్తో పట్టుకోవచ్చు. ట్యాబు 480 గ్రాములు, కవరుతో 700 దాటుతుంది. చేయి నొప్పెట్టి ఒళ్లో పెట్టుకుంటే దూరం 50 దాటిపోతుంది, అక్షరం మసకబారుతుంది, తప్పు తెర మీద పడుతుంది. ట్యాబు కొంటే స్టాండు కూడా కొనండి. పడుకుని చదవడానికి మంచానికి బిగించే వంపు చేతి స్టాండు కావాలి. టేబుల్ మీద పెట్టే స్టాండు మంచం దగ్గర పనికిరాదు. టేపు పెట్టి కన్ను నుంచి తెరకు 40 సెంటీమీటర్లు కొలిచి బిగించండి.

బ్యాటరీ లెక్క కూడా విప్పి చూడాలి. కొత్త పేపర్‌వైట్‌కు 12 వారాలు అంటారు. అది రోజుకు అరగంట చదివితే, వైఫై ఆపేసి, వెలుతురు 13 మీద పెడితే. అంటే మొత్తం 42 గంటలు. రోజుకు నాలుగు గంటలు చదివేవారికి పది రోజులు. అదీ మంచిదే, కాకపోతే మూడు నెలలు కాదు. ట్యాబుకు ఒకటి రెండు రోజులకోసారి ఛార్జింగు తప్పదు.

ఈ-రీడర్లు ఎక్కడ పాడవుతాయంటే, ఈ-ఇంక్ పొర వెనక పల్చటి గాజు పలక ఉంటుంది. దిండు కింద పెట్టి మోచెయ్యి ఆనిస్తే చాలు, పైన గీత లేకుండా లోపల పగులుతుంది. తెర మీద కదలని గీతల కట్ట కనబడుతుంది. తెర మార్పించే ఖర్చు కొత్త దాని ధరకు దగ్గరగా ఉంటుంది. మంచం మీద చదివే వారికి గట్టి అట్ట కవరు తప్పనిసరి. ఇంకా, వీటికి కంపెనీలు చెప్పే ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపే. మే నెలలో కారులో వదిలేయొద్దు.

స్కాన్‌లను ఈ-రీడర్‌లో చదివి తీరాలంటే ముందు శుభ్రం చేయాలి. ఆర్కైవ్ పీడీఎఫ్‌లలో చాలావరకు పేజీ బొమ్మలు బాగా కుదించి పెడతారు. వాటిని విప్పడానికి ఈ-రీడర్‌లోని చిన్న ప్రాసెసర్‌కు పేజీకి కొన్ని సెకన్లు పడుతుంది. గోధుమరంగు కాగితం ఈ-ఇంక్ మీద మురికి బూడిద రంగై అక్షరాన్ని మింగేస్తుంది. స్కాన్‌టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పని చేస్తుంది. రెండు పేజీలు కలిసుంటే విడదీయడం, వంకర సరిచేయడం, అక్షరాలున్న భాగాన్ని గుర్తించడం, చివర 300 చుక్కల నలుపు-తెలుపుగా బయటికి తీయడం.

చివరి మెట్టులో మందం మీట ఉంటుంది, తెలుగుకు అదే కీలకం. మందం పెంచితే వత్తుల లోపలి ఖాళీలు పూడిపోతాయి, ‘క్క’ కింద ఒక నల్ల చుక్క మిగులుతుంది. తగ్గిస్తే ధ అడుగు గీత ఎగిరిపోయి ద అవుతుంది. మొత్తం పుస్తకం నడిపే ముందు ‘బుద్ధుడు’, ‘అర్ధం’, ‘ఫలం’ లాంటి మాటలున్న రెండు పేజీలు తీసి మందం కుదుర్చుకోండి. బొమ్మలున్న పేజీలను మాత్రం నలుపు-తెలుపు కాకుండా మిశ్రమంగా తీయాలి, లేకపోతే ముఖాలు సిరా మరకలవుతాయి.

టొరంటో_తెలుగు:

విదేశాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక మాట. కోబో కంపెనీ ఈ-రీడర్ మీకు అందుబాటులో ఉంటే దాన్నే చూడండి. అందులో కేఓరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును తాళాలు బద్దలు కొట్టకుండా వేసుకోవచ్చు. ఫాంట్ల ఫోల్డర్‌లో తెలుగు ఫాంటు వేసి, అక్షరాల మెనూలో కెర్నింగ్‌ను ‘బెస్ట్’ మీద పెట్టాలి. ‘ఫాస్ట్’ మీద ఉంచితే వత్తులు విడిపోతాయి, చాలామంది అక్కడే ఆగిపోయి తెలుగు రాదని తేల్చేస్తారు. స్కాన్‌లకు అంచుల కత్తిరింపు, కాంట్రాస్టు పెంపు ఉన్నాయి. రీఫ్లో (పేజీ బొమ్మను ముక్కలుగా కోసి తెర వెడల్పుకు మళ్లీ పేర్చడం) కూడా ఉంది గానీ, అది వరుసల మధ్య తెల్లని ఖాళీ చూసి కోస్తుంది. మన వత్తులు కిందికి దిగిన చోట ఆ ఖాళీ దొరక్క రెండు వరుసలు అతుక్కుపోవచ్చు. తెలుగు స్కాన్‌లకు దాన్ని నమ్ముకోవద్దు.

స్టార్‌డిక్ట్ రూపంలో తెలుగు నిఘంటువు వేసుకుంటే మాట నొక్కి అర్థం చూడొచ్చు. అయితే ‘పుస్తకాలలోని’ అని నొక్కితే దొరకదు. వెతికే గడిలో విభక్తి చెరిపి ‘పుస్తకం’ చేసుకోవాలి. స్కాన్‌లో ఇదేమీ కుదరదు, అక్కడ మాటలే లేవు కదా.

10.3 అంగుళాల ఈ-ఇంక్ పరికరాలు కూడా ఉన్నాయి. 300 చుక్కల తెర ఉన్న బూక్స్ గో 10.3లో కత్తిరించిన డెమీ పేజీ 118 శాతం వస్తుంది. కానీ దాని తెరకు సొంత వెలుగు లేదు, గదిలో దీపం కావాలి. పైగా 20 వేలలో రాదు.

పెన్నాతీరం:

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. మూడు సంగతులు అడగాలి. ఒకటి, నాన్నగారికి కంప్యూటర్ పని రాదు, నేను నెలకోసారే వెళ్తాను, కాబట్టి స్కాన్‌టైలర్ పని ప్రతి పుస్తకానికీ కుదరదు. రెండు, ట్యాబు అయితే ఫోన్ లాగా మెసేజీలు, వీడియోలు వచ్చి అడ్డుపడతాయేమో. మూడు, అరుగు మీద చదవడం ఎలా?

కొలబద్ద:

పెన్నాతీరం గారూ, మొదటిది చెప్పాక ఇక సందేహం లేదు. ట్యాబే. శుభ్రం చేయని స్కాన్‌ను తెరవగానే చదవగలిగేది అదే. 11 అంగుళాలు, ర్యామ్ 4 జీబీకి తగ్గకుండా, మెమరీ కార్డు వేసుకునే చోటు ఉన్నది చూడండి. ఐప్యాడ్ తెర ఇంకా పదును, కానీ 2025 మోడల్ విడుదలైనప్పుడే ధర 34,900 నుంచి మొదలైంది. మీ పనికి అంత అక్కర్లేదు.

కొనే ముందు దుకాణంలోనే వెలుతురు 15 శాతానికి తగ్గించి, మీ ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో 1/2000 షట్టర్‌కు పెట్టి ఆ తెరను చూడండి. నల్లటి పట్టీలు నడుస్తూ కనబడితే తక్కువ వెలుతురులో ఆ తెర మినుకుతోందని. కొందరికి దానితో తలనొప్పి వస్తుంది. వేరే మోడల్ చూడండి.

చదవడానికి రీడ్‌ఎరా యాప్ వేయండి. ఉచితం, ప్రకటనలు ఉండవు. పీడీఎఫ్ తెరిచి అంచుల కత్తిరింపు ఆన్ చేయండి. స్కాన్‌లో రెండు పేజీలు పక్కపక్కన ఉంటే ఒక్కో పేజీగా చూపే సదుపాయం కూడా అందులో ఉంది. ఈపబ్‌లకు వరుసల ఎడం 150 శాతం, నేపథ్యం లేత గోధుమరంగు. వెలుతురు ఆటోమేటిక్ తీసేయండి. ఒక తెల్ల కాగితం తెర పక్కన పెట్టి, రెండూ ఒకే తెలుపు కనబడేదాకా మీటను తగ్గించండి. సాధారణంగా మనం పెట్టుకునే దానికంటే చాలా తక్కువ దగ్గర ఆగుతుంది.

అడ్డంకుల గురించి: సిమ్ లేని మోడల్ తీసుకోండి. మెసేజీల యాప్ వేయనే వేయకండి. ‘డు నాట్ డిస్టర్బ్’ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. మొదటి తెర మీద రీడ్‌ఎరా ఒక్కటే వదలండి. పక్కన ఆంధ్రభారతి నిఘంటువు పేజీకి ఒక గుర్తు పెడితే పాత మాటలకు అర్థం వెతుక్కుంటారు, ఈ-రీడర్‌లో అంత సులువుగా కుదరని పని అది. తెర ఆరిపోయే సమయం 10 నిమిషాలు చేయండి. పడుకుని చదివేవారికి అన్నిటికంటే ముఖ్యం తెర తిరగకుండా తాళం వేయడం. లేకపోతే పక్కకు ఒత్తిగిల్లిన ప్రతిసారీ పేజీ తిరిగిపోతుంది. సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఛార్జింగు ఆపే మీట ఉంటే వేసేయండి, రోజూ ఛార్జింగు పెట్టే బ్యాటరీకి అది ఆయుష్షు.

పుస్తకాలు నెలకోసారి మీరే కార్డులో వేసి ఇవ్వొచ్చు. ఫైళ్లకు తెలుగులోనే రచయిత పేరు, పుస్తకం పేరు పెట్టండి. ఆర్కైవ్ ఇచ్చే పొడుగాటి అంకెల పేర్లతో వదిలేస్తే ఆయనకు ఏది ఏదో తెలియదు.

నల్లసిరా:

అరుగు సంగతి నేను చెబుతాను. మెరుపు తగ్గించే మ్యాట్ గార్డు తెరకు అంటిస్తే ప్రతిబింబం చాలావరకు పోతుంది, అక్షరం పదును కొద్దిగా తగ్గుతుంది. స్కాన్‌లకు ఫరవాలేదు. అంతకంటే ముందు కుర్చీ తిప్పండి. వీధి వైపు వీపు పెట్టి కూర్చుంటే ఆకాశమంతా తెరలో కనబడుతుంది. గోడను వెనక పెట్టి వీధి వైపు కూర్చుంటే తెరలో కనబడేది గోడ నీడే. వెలుతురు పూర్తిగా పెంచినా నేరుగా ఎండ పడే చోట మాత్రం ట్యాబు పనికిరాదు, ఆ గంట కాగితం పుస్తకానికి వదిలేయాలి.

తర్వాత ఎప్పుడైనా వికీసోర్స్ ఈపబ్‌లూ ఇంగ్లీషు నవలలూ ఎక్కువైతే అప్పుడు 6 అంగుళాల చిన్న ఈ-రీడర్ చేర్చుకోవచ్చు. కొనే రోజు అచ్చుయంత్రం గారి ఏడు మాటల ఫైలు ముందుగా సిద్ధం చేసుకుని, వెనక్కి ఇచ్చే గడువు ఉన్న చోట కొనండి. ‘వైశిష్ట్యం’ సరిగ్గా పడిందంటే మిగతావి కూడా పడతాయి.